నాడీకణముల పుట్టుక, పెరుగుదల

“నరము దొరకడం లేదు” అని ఆస్పత్రిలో నర్సమ్మ అన్నప్పుడు ఆమె వెతుకుతున్నది నిజానికి రక్తనాళమును. వైద్యుడు “నాడి పట్టి” చూచినప్పుడు ఆయన వేలికి తగిలేది కూడా రక్తపు తాకిడియే. ఉర్దూ వాడుకలోను ఇదే చిక్కు ఉన్నది. ‘నస్’ అనే ఒక్క మాటతో రెండింటినీ సరిపెట్టుకొంటున్నాము. గ్రంథముల భాషలో మాత్రము నాడికి ‘అసబ్’ అనే వేరు పదము కలదు. వెయ్యి సంవత్సరముల క్రితమే ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ అనే వైద్యగ్రంథములో నాడులను ఒకచోట, రక్తనాళములను వేరొకచోట విడదీసి వర్ణించినారు. ఈ వ్యాసములో మేము ‘నాడి’ అన్నచోటనెల్ల ఆ ‘అసబ్’నే ఉద్దేశించినామని పాఠకులు గ్రహింతురుగాక.

నాడీకణమునకు ఇతర కణములవలెనే ఒక దేహము, అందులో కేంద్రకము ఉంటాయి. దాని విశేషమంతా దేహము నుండి వెలువడే పోగులలో ఉన్నది. చెట్టు కొమ్మలవంటి పొట్టి శాఖలు వార్తలను అందుకొంటాయి. ఒక పొడవైన తంతువు వార్తను దూరమునకు చేరవేస్తుంది. వెన్నుపాములో ఉన్న ఒక కణము యొక్క తంతువు కాలివ్రేలి దాకా, అనగా దాదాపు ఒక మీటరు దూరము సాగుతుంది. పెరిగిన మనిషి మెదడులో ఇటువంటి నాడీకణములు సుమారు 8,600 కోట్లు ఉన్నట్లు లెక్కవేసినారు. ఇవన్నీ తల్లి గర్భములోని ఒకే ఒక్క కణము నుండి పుట్టినవే. చర్మకణములో ఉన్న జన్యువులే నాడీకణములోను ఉన్నాయి. ఒకే గ్రంథము ఇద్దరి చేతిలోను ఉండగా ఒకరు ఒక అధ్యాయమును, మరొకరు వేరొక అధ్యాయమును చదివినట్లు ఇది జరుగుతున్నది. ఏ అధ్యాయము చదవవలెనో కణమునకు చెప్పేది ఎవరు?

ఈ ప్రశ్నకు తొలి సమాధానము జర్మనీలో లభించినది. హాన్స్ స్పేమన్, ఆయన శిష్యురాలు హిల్డా మాంగోల్డ్ కలిసి, బల్లిని పోలి నీటిలో నివసించే న్యూట్ అనే జీవి పిండములపై ప్రయోగములు చేసినారు. ఒక పిండము వీపు భాగమున మొలచే చోటి నుండి చిన్న తునకను తీసి, దానిని మరొక పిండము పొట్టవైపున అతికించినారు. పొట్టచర్మము కావలసిన కణములు తమ దారి మార్చుకొని అక్కడ రెండవ మెదడును, రెండవ వెన్నుపామును నిర్మించినాయి. అతికించిన తునక తానుగా మెదడు కాలేదు. ఇరుగుపొరుగు కణములకు ఆజ్ఞ ఇచ్చినది. ఈ ఫలితము 1924లో ప్రకటితమైనది. అదే సంవత్సరము ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదములో మాంగోల్డ్ చిన్నవయసులోనే మరణించినది. స్పేమన్‌కు 1935లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఆ ఆజ్ఞను మోసే అణువు ఏదో తెలియడానికి మరి డెబ్బది సంవత్సరములు పట్టినది. 1990ల తొలి సంవత్సరములలో నాగిన్, కార్డిన్ అనే మాంసకృత్తులు బయటపడినాయి. ఇవి పనిచేసే పద్ధతి మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించినది. “నాడిగా మారుము” అని ఇవి కణమునకు చెప్పవు. పిండము పైపొరలోని కణములకు బి.ఎం.పి. అనే మరొక మాంసకృత్తు “చర్మముగా మారుము” అని ఎడతెగక చెబుతూ ఉంటుంది. నాగిన్, కార్డిన్ ఆ బి.ఎం.పి. అణువులను పట్టుకొని కణములను చేరనీయవు. ఆ మాట వినపడని కణములు నాడీకణములయ్యే దారి పడతాయి.

ఇట్లు ఎన్నికైన కణములు పిండము వీపుపై పలుచని పలకవలె పరచుకొంటాయి. పలక అంచులు రెండు వైపులా పైకి లేచి, చాప చుట్టినట్లు ఒకదానిపైకి ఒకటి వంగి, నడుమ కలుసుకొని అతుక్కొంటాయి. ఆ గొట్టమే నాడీనాళము. దాని పైభాగము మెదడు అవుతుంది. క్రిందిభాగము వెన్నుపాము అవుతుంది. అతుకు మెడ ప్రాంతములో మొదలై పైకి, క్రిందికి సాగి, గర్భధారణ జరిగిన 28వ రోజు నాటికి పూర్తి అవుతుంది. అప్పటికి పిండము పరిమాణము ఒక బియ్యపు గింజంత. ఈ 28 రోజుల లెక్కను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుతున్నాము. దీనిని గురించి మళ్ళీ చెప్పవలసి ఉన్నది.

నాళములో ఏ చోటి కణము ఏ పని నేర్చుకొనవలెనో కూడ అణువులే నిర్ణయిస్తాయి. అత్తరు దుకాణము దగ్గర పరిమళము గాఢముగాను, వీధి చివర పలుచగాను తగులుతుంది కదా. అదేవిధముగా నాళము అడుగుభాగము నుండి ఒక మాంసకృత్తు వెలువడి పైకి పోయేకొలది పలుచబడుతుంది. గాఢత ఎక్కువగా తగిలిన చోట కండరములను కదలించే నాడీకణములు పుడతాయి. దూరముగా ఉన్నచోట వేరే తరగతులు పుడతాయి. ఈ మాంసకృత్తు పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. అది పిల్లల వీడియో ఆటలోని ఒక ముళ్ళపంది పేరు. శాస్త్రజ్ఞులకు సైతము చిలిపితనము ఉంటుంది.

పుట్టిన నాడీకణము తన స్థానము చేరుకొని తంతువును చాచడం మొదలుపెడుతుంది. తంతువు కొనను స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు రామోన్ ఇ కహాల్ 1890లో కోడిపిల్ల పిండములో చూచి వృద్ధిశంకువు అని పేరు పెట్టినాడు. మన గుర్రంకొండ కోట గుట్టను మెట్లు లేని వైపు నుండి ఎక్కేవాడు ఏమి చేస్తాడు? చేతితో రాయిని తడిమి, గట్టిగా ఉన్నచోట పట్టు బిగించి, జారేచోట చేయి వెనుకకు తీసుకొంటాడు. వృద్ధిశంకువు చేసేది అదే. దాని అంచున వ్రేళ్ళవంటి మొలకలు నిమిష నిమిషమునకు చాచుకొంటూ, ముడుచుకొంటూ ఉంటాయి. లోపల ఆక్టిన్ అనే మాంసకృత్తు పోగులు ఒకవైపు కూడుతూ, మరొకవైపు విడిపోతూ ఉండడమే ఈ కదలికకు కారణము. దారిలో నెట్రిన్ వంటి అణువులు “ఇటు రమ్ము” అని ఆకర్షిస్తాయి. స్లిట్ వంటివి “అటు పోవద్దు” అని తరుముతాయి. వెన్నుపాము నుండి బయలుదేరిన తంతువు పొరపాటున చేతికి బదులు కాలికి పోకుండా ఉండడానికి ఇటువంటి గుర్తులు అనేకము దారి పొడవునా ఉన్నాయి.

గమ్యము చేరిన తరువాత కూడ కణమునకు బ్రతుకు నిశ్చయము కాదు. ఈ సంగతి కనుగొన్న రీతా లేవి మోంతాల్చీని కథను మన విద్యార్థులు, ముఖ్యముగా విద్యార్థినులు, తెలుసుకొనవలెను. ఆమె 1909లో ఇటలీలోని టూరిన్ నగరములో యూదు కుటుంబములో జన్మించినది. వైద్యవిద్య పూర్తిచేసినది. 1938లో ముస్సోలినీ ప్రభుత్వము తెచ్చిన జాతి చట్టములు యూదులను విశ్వవిద్యాలయముల నుండి వెళ్ళగొట్టినాయి. ఆమె తన పడకగదినే ప్రయోగశాల చేసుకొన్నది. కుట్టుసూదులను నూరి శస్త్రములు చేసుకొన్నది. బాంబుల భయముతో కుటుంబము పల్లెకు తరలిపోగా, అక్కడ సైకిలుపై తిరిగి రైతుల వద్ద కోడిగ్రుడ్లు సంపాదించి, పిండములపై పరిశోధన సాగించినది. పరిశోధన ముగిసిన గ్రుడ్లు ఇంటివారి భోజనమునకు పనికివచ్చేవట. యుద్ధకాలపు కరవు అటువంటిది.

కోడిపిల్ల పిండము నుండి మొలకెత్తుతున్న కాలును తొలగిస్తే ఆ కాలికి పోవలసిన నాడీకణములు మరణిస్తున్నాయి. వాటిని బ్రతికించే వస్తువేదో గమ్యస్థానము నుండి రావలెనని ఆమె భావించినది. 1947లో ఆమె అమెరికాలోని సెయింట్ లూయీ నగరమునకు విక్టర్ హాంబర్గర్ ఆహ్వానముపై వెళ్ళినది. ఒక ఎలుక కణితిని పిండములో నాటితే నాడీతంతువులు దానివైపు విరగబూచినట్లు పెరగడం అక్కడ చూచినది. స్టాన్లీ కోహెన్ అనే రసాయన శాస్త్రజ్ఞునితో కలిసి ఆ వస్తువును మొదట పాము విషములోను, తరువాత మగ ఎలుక లాలాజల గ్రంథిలోను సమృద్ధిగా కనుగొన్నది. అదే నాడీవృద్ధి కారకము. చర్మము, కండరము మొదలైన గమ్యస్థానములు దీనిని కొద్ది కొద్దిగా విడుదల చేస్తాయి. తంతువు కొన దానిని అందుకొని, పొడవునా వెనుకకు మోసుకొనిపోయి, “బ్రతికి ఉండుము” అనే వార్తను కేంద్రకమునకు అందిస్తుంది. అందనివి తమంతట తామే కూలిపోతాయి. నాడీమండలములోని కొన్ని ప్రాంతములలో పుట్టిన కణములలో సగము వరకు ఇట్లు రాలిపోతాయి. 1986లో వారిరువురికీ నోబెల్ బహుమతి వచ్చినది. చదువు తలుపులు తనకు మూసివేసిన దేశములోనే ఆమె తరువాత పరిశోధనాలయమును నడిపి, 103వ ఏట 2012లో కన్నుమూసినది.

తంతువులకు క్రొవ్వు తొడుగు ఏర్పడడం, కణమునకు కణమునకు నడుమ సంధులు కుదరడం పుట్టిన తరువాత కూడ ఎంతో కాలము సాగే పనులు. వాటికి థైరాయిడ్ గ్రంథి స్రావము, దాని కొరకు ఉప్పులోని అయోడిన్ అవసరమని చెప్పి విడిచిపెడుతున్నాము. మనకు ఇంకను దగ్గరగా వచ్చే విషయము మొదటి నాలుగు వారములది.

నాడీనాళము అతుకు పడకుండా ఎక్కడైనా తెరుచుకొని ఉండిపోతే ఏమగును? నడుము భాగమున తెరుచుకొంటే వెన్నుపాము బయటికి పొంగిన కాయతో బిడ్డ పుడుతుంది. కాళ్ళలో బలము ఉండకపోవచ్చు. మలమూత్రములపై అదుపు ఉండకపోవచ్చు. దీనిని స్పైనా బైఫిడా అంటారు. తలభాగమున తెరుచుకొంటే మెదడు ఏర్పడదు. అటువంటి బిడ్డ దక్కదు. పెదవి చీలికకు మన భాషలో ‘గ్రహణపు మొర్రి’ అనే పేరే ఉన్నది. ఇటువంటి బిడ్డ పుట్టిన ఇంట్లో కూడ గ్రహణమునాడు తల్లి వాకిట నిలుచున్నదనో, కత్తిపీట ముట్టినదనో అనడం హిందువుల ఇళ్ళలోను, ముసల్మానుల ఇళ్ళలోను వినవచ్చును. బిడ్డ బాధకు తోడు తల్లికి నింద. అణుశాస్త్రము ఏమి చెబుతున్నదో చూతము.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణీ స్త్రీలను పీడించే ఒక రక్తహీనతను పరిశీలించినది. తరువాత కూనూరులోను, మద్రాసులోని గోషా ఆస్పత్రిలోను ఆ పని కొనసాగించినది. మార్మైట్ అనే చవకైన ఈస్టు సారముతో ఆ జబ్బు నయమగుట ఆమె చూపించినది. అందులోని వస్తువునే 1941లో అమెరికాలో పాలకూర నుండి వేరుచేసి, ఆకు అనే అర్థము గల లాటిన్ మాటను బట్టి ఫోలిక్ ఆమ్లము అని పేరు పెట్టినారు. కాని టన్నులకొలది ఆకు నుండి చిటికెడు మాత్రమే లభించినది. దానిని ప్రయోగశాలలో తయారుచేయించిన ఘనత తెలుగువాడిది. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ సంస్థ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషించినారు. స్ప్రూ అనే గ్రహణివ్యాధి యౌవనమున ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆ వ్యాధికి సైతము ఫోలిక్ ఆమ్లము మందు అయినది. ఆయన 1948లో మరణించినారు. తెలుగునాట ఆయన పేరు ఎరిగినవారి కంటె ఆయన మందు మ్రింగినవారు కోట్లరెట్లు ఎక్కువ.

ఫోలిక్ ఆమ్లము శరీరములో చేసే పని హమాలి పని. ఒకే ఒక కార్బను పరమాణువును భుజాన వేసుకొని కావలసిన చోట దించుతుంది. కణము రెండుగా చీలవలెనంటే ముందు తన డి.ఎన్.ఎ.ను నకలు తీసుకొనవలెను. డి.ఎన్.ఎ. లిపిలోని నాలుగు అక్షరములలో థైమిన్ ఒకటి. దాని తయారీలో చివరి మెట్టుగా ఒక కార్బనును అతికించి పెట్టేది ఈ హమాలియే. హమాలి రాకపోతే అక్షరము కొరవడుతుంది, నకలు ఆగిపోతుంది, కణము చీలదు. అన్నిటికంటె వేగముగా చీలే కణములకు ఈ దెబ్బ ముందు తగులుతుంది. తల్లిలో అవి ఎముక మూలుగలోని రక్తకణములు, అందుచేత రక్తహీనత. బిడ్డలో అవి 28 రోజుల లోపల అంచులు కలుపుకొనవలసిన నాడీనాళపు కణములు.

సుబ్బారావు బృందమువారే ఈ హమాలిని పోలిన నకిలీ అణువును, అమినోప్టెరిన్‌ను తయారుచేసినారు. అది ఎంజైమును పట్టుకొని అసలు హమాలిని పని చేయనీయదు. రక్తపు క్యాన్సరులో విచ్చలవిడిగా చీలే కణములను ఆపడానికి 1948లో సిడ్నీ ఫార్బర్ దీనిని పిల్లలకు వాడి తాత్కాలికముగానైనను ఉపశమనము సాధించినారు. తరువాతి సంవత్సరములలో ఇదే మందు గర్భిణీ స్త్రీలకు వాడినచోట కొందరు పిండములు తల, మెదడు లోపములతో కనిపించినాయి. ఫోలిక్ ఆమ్లపు పని ఆగితే పిండమునకు ఏమి ఆపద కలుగునో ఆ విధముగా తెలిసినది.

చివరి నిరూపణ 1991లో వచ్చినది. అంతకు ముందు ఇటువంటి బిడ్డను కన్న 1,817 మంది స్త్రీలతో ఏడు దేశములలో ఒక పరీక్ష జరిగినది. గర్భధారణకు ముందు నుండే సగము మందికి రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఇచ్చి, మిగిలినవారికి ఇవ్వలేదు. ఇచ్చినవారిలో 6, ఇవ్వనివారిలో 21 లోపములు కనిపించినాయి. వందకు 72 వంతుల రక్షణ. అమెరికాలో 1998 నుండి ధాన్యపు పిండిలో ఫోలిక్ ఆమ్లము కలపడం నిర్బంధము చేసినారు. అక్కడ ఈ లోపములు తగ్గినాయి. లోపములన్నీ దీనివలననే కలుగుతాయని కాదు. వంశపారంపర్య కారణములు, మధుమేహము, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు కూడ కారణములు కావచ్చు. జాగ్రత్తలన్నీ తీసుకొన్న తల్లికి సైతము ఇటువంటి బిడ్డ పుట్టవచ్చు. గ్రహణమునకు మాత్రము ఇందులో పాత్ర లేదు.

ఇప్పుడు 28 రోజుల లెక్కకు వత్తాము. నెల తప్పేసరికి పిండమునకు ఇంచుమించు 14 రోజుల వయస్సు వచ్చి ఉంటుంది. మిగిలినవి రెండు వారములు. మన ఊళ్ళలో ఒక వారము పది రోజులు చూచి, అత్తగారికి చెప్పి, ఆపైన ఆశా కార్యకర్త వద్ద పేరు వ్రాయించుకొని మాత్రలు తెచ్చుకొనేసరికి నాళము మూసుకొనడమో, మూసుకొనకపోవడమో జరిగిపోయే ఉంటుంది. అప్పటి నుండి వేసుకొన్న మాత్ర తల్లి రక్తమునకు మేలు చేస్తుంది, నాళమునకు ఆలస్యమైపోతుంది. అనగా ఫోలిక్ ఆమ్లము గర్భమునకు ముందే శరీరములో సిద్ధముగా ఉండవలెను. పెళ్ళి కుదిరిన, కుదరబోయే వయస్సులో ఉన్న మన విద్యార్థినులకు సంబంధించిన మాట ఇది. సిగ్గుపడి దాటవేయవలసినది కాదు.

మన ఆహారములో ఇది లేకపోలేదు. తోటకూర, పాలకూర, మెంతికూర, శనగలు, అలసందలు, పెసలు, మన మెట్టపొలములలో పండే వేరుసెనగ, అన్నిటిలోను ఉన్నది. అయితే అది నీటిలో కరిగే వస్తువు. ఎక్కువ సేపు ఉడికితే నశిస్తుంది. ఉడికిన నీళ్ళను పారబోయక చారు పెట్టుకొనడం మన పెద్దల పద్ధతి. అది మంచి పద్ధతియే. కాని సంగటి, ఊరిబిండితో పూట గడుపుకొనే ఇళ్ళలో ఆకుకూర ప్రతిదినము దొరకదు. దొరికినా ఇంట్లో ఆడపిల్ల చివర తింటుంది. అందుచేత మాత్ర అవసరము.

ప్రభుత్వ పథకములో 10 నుండి 19 సంవత్సరముల వయస్సువారికి వారమునకు ఒకటి చొప్పున నీలిరంగు మాత్ర, 20 దాటిన స్త్రీలకు ఎర్రరంగు మాత్ర ఉన్నాయి. ఒక్కొక్కదానిలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉంటాయి. గర్భము కోరుకొనే స్త్రీకి ఈ వారపు మాత్ర చాలదు. ఆమెకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము, గర్భధారణకు ముందు నుండి మూడవ నెల వరకు, వైద్యులు చెబుతున్నారు. ఇంతకు ముందు ఇటువంటి బిడ్డను కన్నవారికి, మూర్ఛ మందు వాడేవారికి మోతాదు వేరు; అది వైద్యుని ద్వారానే నిర్ణయము కావలెను, మూర్ఛ మందును తమంతట తాము మానరాదు.

బడిలో చదివే పిల్లలను వరుసలో నిలబెట్టి మాత్ర మ్రింగించే ఉపాధ్యాయులు ఉంటారు. డిగ్రీ తరగతికి వచ్చిన అమ్మాయిని ఆ విధముగా అడిగేవారు ఉండరు. కళాశాల కమిటీవారు ప్రాథమిక ఆరోగ్యకేంద్రము వారితో మాట్లాడి, వారములో ఒక నిర్ణీత దినమున మధ్యాహ్న భోజనము తరువాత విద్యార్థినుల విశ్రాంతి గదిలో ఈ మాత్రలు అందే ఏర్పాటు చేయవలెనని మా మనవి. రంజాను మాసములో వాటిని ఇంటికి ఇచ్చి పంపితే ఇఫ్తారు భోజనము తరువాత వేసుకొంటారు. పరగడుపున వేసుకొంటే కడుపులో త్రిప్పుతుందని, మలము నల్లబడుతుందని, అందుకు భయపడనక్కరలేదని ముందుగానే చెప్పవలెను. ఆ మాటలను ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి గదిలో అంటించితే సరిపోతుంది.